సుందరి ఎముక

15 అక్టోబర్ 2024

ఎముక చచ్చిపోయిందట. సుందరి తుంటిలో ఎముక.

మనిషి బతికే ఉంది. పొద్దున్నే లేచి మినప్పప్పు నానబోసింది, నా మీద ఒకసారి విసుక్కుంది కూడా. లోపల మాత్రం గుండ్రటి ఎముక ఒకటి చచ్చి పడి ఉందట. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తి చూపించాడు. మూడు స్క్రూలు తెల్లగా మెరుస్తున్నాయి. వాటి కొసన బంతిలా ఉండాల్సింది ఒక పక్కన నొక్కుకుపోయి ఉంది, ఎవరో బొటనవేలితో అదిమినట్టు.

"రక్తం అందలేదు మాసీమా. రక్తం అందకపోతే ఎముకైనా చస్తుంది," అన్నాడు. బెంగాలీ డాక్టరు, మాసీమా అంటే పిన్నిగారూ అని.

ఫిబ్రవరిలో మినీబస్సు గుద్దినప్పుడు విరిగిన చోటే అది. ఇడ్లీ గిన్నె నెత్తిన పెట్టుకుని, తన ఇడ్లీ బండి దగ్గరికి స్ట్రాండ్ రోడ్డు దాటుతోంది. అప్పుడు స్క్రూలు వేసి, మూడు నెలలపాటు ఆ కాలు నేలకి ఆనించకూడదని చెప్పారు. ఆనించలేదు. మూడు నెలలూ నేనే పక్కన ఉన్నాను. నీళ్లు పోయడం, మంచం దగ్గరికి పళ్లెం, పక్క మార్చడం, అన్నీ ఈ చేతులే. ఆనించి ఉంటే నాకు తెలియదా?

ఉమామహేశ్ రైల్వే యార్డులో సెలవు పెట్టి వచ్చాడు. డాక్టరు చెబుతున్నంతసేపూ నా కొడుకు గోడ మీద క్యాలెండరునే చూస్తూ నిలబడ్డాడు. సుందరి ఒక్కటే అడిగింది, మళ్లీ కింద కూర్చుని రుబ్బుకోగలనా అని. ఆ గుండు తీసేసి లోహపు కీలు వేయాలి, ఇంక జన్మలో కింద కూర్చోకూడదు అన్నాడు డాక్టరు.

ఇవన్నీ ఎవరికైనా చెప్పుకోవాలి. చెప్తే గాభరా మనిషినంటారు. అందుకని ఈ పుస్తకం. నా చదువు ఐదో తరగతే, కానీ ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. ఉమామహేశ్‌ది హిందీ బడి. కోడలు సుందరి నా తమ్ముడు సూరన్న కూతురే, పుట్టింది పెరిగింది బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు లైన్లలో, దానిదీ హిందీ బడే. ఈ పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టినా భయం లేదు.

16 అక్టోబర్

ఆనించలేదు.

21 అక్టోబర్

మధ్యాహ్నం కునుకు పట్టింది. కార్‌షెడ్‌లో రైళ్లు కడుగుతున్న నీళ్ల చప్పుడు. ఈ టికియాపారాలో నలభై రెండేళ్లుగా అదే చప్పుడుకి నిద్రపోతున్నాను. కలలో మా ఆయన గవరయ్య పైపు పట్టుకుని రైలు పెట్టె కడుగుతున్నాడు. పెట్టె తెల్లగా, గుండ్రంగా ఉంది. ఎంత కడిగినా ఆ నొక్కు పోవడం లేదు. "ఇది మన బండి కాదు తవిటీ," అన్నాడు. మెలకువ వచ్చింది. నీళ్ల చప్పుడు మాత్రం అలాగే ఉంది.

ఇంట్లో చావు జరిగితే పొయ్యి వెలిగించం. తీసుకెళ్లి, నిప్పు పెట్టి, తలకి నీళ్లు పోసుకున్నాకే గదా ఏదైనా. మరి చచ్చినది మనిషి లోపలే ఉండిపోతే? ఆ మనిషే పొయ్యి వెలిగిస్తుంటే? ఇంటికి మైల ఉన్నట్టా లేనట్టా? సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాలా వద్దా తెలియక అగ్గిపెట్టె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. సుందరిని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఓలత్తా, నాను సచ్చిపోనానేటి?" అని నవ్వింది. "మైలనుకుంటే నన్నే ఎనక గదిలో కూకోబెట్టు. పది రోజులు సుకంగా తొంగుంతాను. గిన్నెలు నువ్వు తోముకో."

నవ్వింది గానీ లేచేటప్పుడు మంచం కోడు గట్టిగా పట్టుకుంది.

దీపం పెట్టాను. తప్పయితే నాకే తగలాలి.

3 నవంబర్

లాయరు మధుబాబు ఇంటికొచ్చాడు. వాళ్ల నాన్న ఇక్కడ రైల్వేలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. అబ్బాయిది మెత్తటి మాట. కుర్చీ తుడిచి వేశాను, టీ ఇచ్చాను. కప్పు అంచు పగిలి ఉందని తర్వాత చూశాను. ఏమనుకున్నాడో.

"పెద్దమ్మగారూ, బీమా కంపెనీవాళ్లు కొత్త పేచీ పెడుతున్నారు," అన్నాడు. "విరిగిన ఎముక అతుక్కుపోయింది, ఇప్పుడున్నది వయసు అరుగుదల, దానికి మేము డబ్బు కట్టం అంటున్నారు."

"నలబై మూడేల్లకి వయసేటి బాబూ?" అన్నాడు ఉమామహేశ్.

"అదే మనం చెప్పాలి. స్క్రూలున్నాయి కాబట్టి పెద్ద స్కానింగ్‌లో బొమ్మ సరిగా రాదట. ఎక్స్‌రేకి వాళ్లు వాళ్ల అర్థం చెప్పుకుంటారు. ఆపరేషన్‌లో ఆ ఎముకని బయటికి తీస్తారుగా. అది ల్యాబ్‌కి వెళ్తుంది. ఆ రిపోర్టే మనకి ప్రాణం. అది చేతికొస్తే ఆపరేషన్ ఖర్చు, పోయిన వ్యాపారం, మళ్లీ పదిహేను ఇరవై ఏళ్లకి ఆ కీలు మార్చడానికయ్యేది, అన్నీ అడగొచ్చు. లేకపోతే కాలు విరిగినందుకు ఏదో కొంచెం ఇచ్చి పొమ్మంటారు." టీ ఊదుకుంటూ నవ్వాడు. "ఎముకే సాక్ష్యం చెబుతుంది పెద్దమ్మగారూ."

"ఏమని చెబుతుంది బాబూ?"

"చచ్చానని చెబుతుంది. ఎప్పుడు చచ్చింది, ఎందుకు చచ్చింది, అన్నీ."

అన్నీ అన్నాడు.

ఆయన వెళ్లాక కప్పు కడుగుతుంటే చేయి జారింది. కప్పు పగల్లేదు.

9 నవంబర్

మొక్కు సంగతి ఇక్కడ రాయను.

24 నవంబర్

రాయకపోతే అది లోపలే ఉండి కుళ్లుతోంది. సుందరి తుంటిలో ఎముకలాగా.

యాక్సిడెంటు రోజు ఆస్పత్రి నడవలో కూర్చున్నాను. లోపల దానికి స్క్రూలు వేస్తున్నారు. ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు, ఎవరి మొహమూ నాకు ఆనలేదు. అమ్మవారిని తలుచుకున్నాను. మన తెలుగు లైన్లో కొత్త అమావాస్యకి ఘటం ఎత్తుతాం గదా, ఏడాదికొక ఇంటి ఆడమనిషి. ఈ ఏడు మా ఇంటి వంతు. "తల్లీ, నా కోడలు లేచి నిలబడి, తన కాళ్ల మీద నీ ఘటం ఎత్తుతుంది. దాన్ని నాకు వదిలెయ్యి," అన్నాను. సూరన్న పోయేటప్పుడు పిల్లని నా చేతిలో పెట్టాడు. ఆ మాట కూడా అమ్మవారికి చెప్పాను, ఆవిడకి తెలియనట్టు.

అమావాస్య ఏప్రిల్ ఎనిమిదిన వచ్చింది. స్క్రూలు వేసి తొమ్మిది వారాలు. డాక్టరు చెప్పింది పన్నెండు.

డప్పులు గుమ్మందాకా వచ్చేశాయి. ఘటంలో పసుపు నీళ్లు, వేపాకు, మీద దీపం. నేను ఎత్తుతానంటే పెద్దలు ఒప్పుకునేవారేమో. అడగలేదు. ఎవరి పేరు మీద మొక్కానో వాళ్లే ఎత్తాలని లోపలికొచ్చి సుందరికి చెప్పాను. అది నా మొహం చూసింది. చంకకర్రలు గోడకి ఆనించి లేచింది. గుమ్మం నుంచి వీధి కొళాయి దాకా. పదకొండు అడుగులు. నేను లెక్కపెట్టాను. తొమ్మిదో అడుగులో దాని పెదవి తెల్లబడింది. ఘటం మీద దీపం మాత్రం ఊగలేదు. అందరూ అమ్మవారి మహిమ అన్నారు. నేనూ అన్నాను.

ఆ సమయానికి ఉమామహేశ్ డ్యూటీలో ఉన్నాడు. వాడికి చెప్పొద్దని లైన్లో అందరితోనూ నేనే అన్నాను.

పదకొండు అడుగులకి ఎముక చస్తుందా? చావదు. బస్సు గుద్దితే చస్తుంది.

25 నవంబర్

పదకొండే.

12 డిసెంబర్

చలి పడింది. సుందరి ఇప్పుడు కర్రతో నడుస్తోంది. నడిచినప్పుడల్లా లోపల ఇసుక నలిగినట్టుంటుందట. ఆ చప్పుడు నాకు వినపడుతోందంటే ఉమామహేశ్ నవ్వాడు. నిజంగానే వినపడుతోంది. అది వంటగదిలో ఉంటే నేను మంచం మీద ఉండి చెప్పగలను, ఏ అడుగు ఏ కాలిదో.

గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచాను. కట్టే ఉంది.

22 జనవరి 2025

ఆపరేషన్ అయింది. సుందరి బాగుంది. కీలు పడింది.

పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్లారు. పదకొండున్నరకి డాక్టరు ఆకుపచ్చ బట్టల్లోనే బయటికి వచ్చాడు. చేతిలో చిన్న స్టీలు గిన్నె. అందులో అది ఉంది. ఒలిచిన తాటిముంజెంత. నేను మొహం తిప్పుకున్నాను. "భయపడకండి మాసీమా, చూడండి," అని గ్లౌజు వేలితో నొక్కాడు. తడిసిన సుద్దముక్కలా లోపలికి పోయింది. పైపొర చెక్కులా లేచింది. "మరా హాడ్," అన్నాడు. చచ్చిన ఎముక.

ఉమామహేశ్ మందులు తేవడానికి కిందికి వెళ్లాడు. అప్పుడు వార్డు మనిషి ఒకడు తలుపు తీసి, "సుందరీర్ బాడీర్ లోక్ కే?" అని అరిచాడు. సుందరి ఇంటి మనిషిని నేనే గదా. వెళ్లాను. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ఒక కాగితం చేతిలో పెట్టి ఏదో చెప్పాడు.

ఏం చెప్పాడో నాకు సరిగా అర్థం కాలేదు.

23 జనవరి

అర్థం కాకపోతే మనిషి ఏం చేస్తుంది? తన ఇంట్లో ఏం చేస్తారో అదే చేస్తుంది.

ఆస్పత్రి గేటు దాటి వచ్చాను. మధ్యాహ్నమైనా పొగమంచు వీడలేదు. ట్రాము ఒకటి ఎక్కడో గంట కొడుతూ పోయింది, కనిపించలేదు. డబ్బా కొంగులో పెట్టుకున్నాను. మొదట చల్లగా ఉంది, తర్వాత నా పొట్ట వేడికి వెచ్చబడింది. ఉమామహేశ్ పసివాడుగా ఉన్నప్పుడు ఒళ్లో వాడి బరువు అలాగే వెచ్చబడేది.

చాంద్‌పాల్ ఘాట్ దగ్గర బంతిపూలు కొన్నాను. లాంచీ ఎక్కాను. ఈ గంగ మీద ఎన్నిసార్లు దాటానో. మా ఆయన్నీ ఈ నీళ్లలోనే కలిపాం. నిన్న మాత్రం ఒడ్డు లేదు. ఇటు పొగ, అటు పొగ, మధ్యలో లాంచీ పోతున్నట్టూ లేదు, ఆగినట్టూ లేదు. ఇంజను చప్పుడు మాత్రం అరికాళ్లలో తెలుస్తోంది. జనం శాలువల్లో ముడుచుకుని ఉన్నారు. ఎవరి మొహమూ ఎవరికీ పట్టలేదు. వంతెన ఎక్కడో పైన ఉండాలి. ఆకాశంలోంచి బస్సుల హారన్లు వినిపించాయి, అంతే.

వెనక అంచుకి వెళ్లి మూత తీశాను. కళ్లు మండే మందు వాసన. చేతిలోకి తీసుకున్నాను. ఎంత తేలిక! దాని మీద నలభై మూడేళ్లు ఒక మనిషి నిలబడింది. ఇడ్లీ గిన్నె ఎత్తింది, పెళ్లిపీట మీద కూర్చుంది, నాతో గొడవపడి బడ్జ్ బడ్జ్ రైలెక్కి పుట్టింటికి నడిచింది. కొంగు చించి పూలతో చుట్టి, రూపాయి బిళ్ల పెట్టి, వంగి నీళ్లలో వదిలాను. చప్పుడు కాలేదు. పూలు కాసేపు లాంచీ వెనకే వచ్చాయి, కుక్కపిల్లలాగా. తర్వాత పొగలో కలిసిపోయాయి.

ఆవలి ఒడ్డున దిగలేదు. అదే లాంచీలో వెనక్కి వచ్చేశాను. నా ఒళ్లు కూడా దూదిలా ఉంది.

"ఎక్కడికెల్లిపోనావమ్మా? ఆస్పత్రంతా ఎతికినాను," అన్నాడు ఉమామహేశ్.

"ల్యాబ్‌కి," అన్నాను.

10 ఫిబ్రవరి

మధుబాబు ఫోను చేశాడు. ల్యాబ్‌లో సుందరి పేరు మీద ఏమీ రాలేదట. ఉమామహేశ్ రెండు రోజులు డ్యూటీ మానుకుని ఆస్పత్రి చుట్టూ తిరిగాడు. రిజిస్టరులో డబ్బా ఇంటివాళ్లకి ఇచ్చినట్టు ఉంది. పక్కన నా తెలుగు సంతకం ఉంది.

మధుబాబు ఇంటికొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొహంలో నవ్వు లేదు.

"పెద్దమ్మగారూ, ఆ డబ్బా మీ చేతికిచ్చారు. ఎక్కడుంది?"

"మెట్ల మీద చేయి జారిపోయింది బాబూ. పగిలిపోయింది. ఊడ్చేవాళ్లు ఊడ్చేశారు."

నోట్లోంచి అలా వచ్చేసింది. ఉమామహేశ్ గోడకేసి గుద్దాడు. "ఎంత పని సేసినావమ్మా! ఆ మాట ఆరోజే సెప్పక ల్యాబ్‌కెల్లినానంతావా?"

మంచం మీంచి సుందరి గట్టిగా అంది. "దాన్నొగ్గీ. ముసల్ది. సెయ్యి జారదేటి? నీ సెయ్యి ఎప్పుడూ జారనేదా? మొన్న పాలగిన్నె ఎవుడు ఒంపీసినాడు?"

దాని కాళ్ల మధ్య దిండు ఉంది, పక్కకి తిరగకూడదని. తిరగకుండానే, పైకప్పు చూస్తూ నా తరపున పోట్లాడింది.

29 మార్చి

కొత్త అమావాస్య. డప్పులు పక్క వీధిలో వినిపించాయి. తలుపు వేసుకుని కూర్చున్నాను.

2 జూన్

ఇడ్లీ బండి తీసేవాళ్లు లేక చక్రాలు తుప్పు పట్టాయి. సుందరి ఎత్తు కుర్చీలో కూర్చుని కూరలు తరుగుతుంది. కత్తిపీట మీద తరిగే మనిషికి చాకు అలవాటు కావడం లేదు, రోజూ వేలు తెగుతోంది. స్నానానికి స్టూలు, దొడ్డికి కుర్చీ. తన ఇంట్లో తనే చుట్టంలా ఉంది.

నా మీద ఒక్క మాట లేదు. ఎంతమంది అడిగినా అత్త చేయి జారింది అనే చెబుతుంది. చెప్పినప్పుడల్లా నాకు నిజంగానే జారిందేమో అనిపిస్తుంది. ఆ మెట్లు, ఆ తడి, పగిలిన డబ్బా, చీపురు. అన్నీ కనిపిస్తున్నాయి.

ప్లాస్టిక్ డబ్బా పగలదు గదా. ఎవరూ అడగలేదు ఆ మాట.

16 జూలై

రేపు కోర్టు. డబ్బా తీసుకున్నది నేను కాబట్టి నన్ను అడుగుతారట. "చేయి జారింది అని ఒక్క మాట చెప్పి దిగిపోండి పెద్దమ్మగారూ. చేయి జారడం నేరం కాదు," అన్నాడు మధుబాబు. పాపం, ఆయనకి నిజం తెలియదు.

ఉతికిన చీర మళ్లీ ఉతికాను.

17 జూలై

వాన. కోర్టు గదిలో గొడుగుల నీళ్లు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా జడ్జిగారి బల్ల మీద గాజు ముక్కలు పెట్టారు. సుందరి ఆ పొట్టి బెంచీల మీద కూర్చోకూడదు. ఎవరో పాపం గుమాస్తా కుర్చీ ఇచ్చారు. వెనక వరసలో అందరికంటే ఎత్తుగా కనిపిస్తోంది.

నన్ను బోనెక్కించారు. హిందీ, బెంగాలీ కలిపి ఏదో చెప్పాను. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

బీమావాళ్ల లాయరు సన్నగా ఉన్నాడు, పొగాకు వాసన. ఎంతో ప్రేమగా అడిగాడు. "మాసీమా, డబ్బా ఎక్కడ పడిపోయింది? ఏ అంతస్తు మెట్లు?"

ఏ అంతస్తో నేను ముందు అనుకోలేదు. వెనక వరసలో సుందరి నా కోసం తల ఊపింది, చెప్పు చెప్పు అన్నట్టు. దాని మొహంలో ఒక్క అనుమానం లేదు.

"పడలేదు బాబూ. గంగలో కలిపాను."

ఫ్యాను చప్పుడు పెద్దదైపోయింది. మధుబాబు కళ్లజోడు తీసేశాడు. జడ్జిగారు ముందుకి వంగి, "ఎందుకు?" అన్నారు.

"చచ్చినవాళ్ల ఎముకల్ని ఇంకేం చేస్తారు బాబూ?"

"అది చచ్చిందని మీకెవరు చెప్పారు?" లాయరు గబుక్కున అన్నాడు. "మీరు డాక్టరా?"

"డాక్టరు బాబే గిన్నెలో తెచ్చి చూపించాడు. వేలు పెట్టి నొక్కితే సుద్దలా దిగిపోయింది. చచ్చిన ఎముక మాసీమా అన్నాడు."

"అయినా అది బతికున్న మనిషిది కదా," అన్నారు జడ్జిగారు. "కొంచెమైనా జీవం ఉందని అనిపిస్తే కలిపేవారా?"

నేను చెంపలేసుకున్నాను. "ఎంత మాట బాబూ! ప్రాణమున్నదాన్ని గంగలో వదులుతామా? అది నా తమ్ముడి కూతురు."

జడ్జిగారు చాలాసేపు రాసుకున్నారు. బీమా లాయరు కూర్చున్నాడు. మధుబాబు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఇంక దిగండి అని సైగ చేశాడు.

దిగలేదు. ఇంకొకటుంది అన్నాను. మొక్కు చెప్పాను. ఘటం చెప్పాను. పదకొండు అడుగులు చెప్పాను. ఎముక ఆ సంగతి బయట పెడుతుందని భయపడ్డాను అని కూడా చెప్పేశాను. అలా చెబుతానని నాకు తెలియదు. నా గొంతు ఎవరిదో పక్కింట్లోంచి వింటున్నట్టుగా ఉంది. కూర్చున్న లాయరు చేపలా ఎగిరి లేచాడు.

వెనక వరసలో సుందరి కిటికీ వైపు తిరిగిపోయింది.

18 జూలై

వార్డు మనిషి, "ల్యాబే జమా దేబెన్, దుటోర్ ఆగే," అన్నాడు. ల్యాబ్‌లో ఇవ్వండి, మధ్యాహ్నం రెండింటిలోపు. ప్రతి మాటా అర్థమైంది. నలభై రెండేళ్లయింది ఈ ఊరొచ్చి.

గంగకిచ్చానా, దాచానా? లాంచీలో ఉన్నప్పుడు ఇచ్చాననే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

25 జూలై

సుందరి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. మాట లేదు.

ఉమామహేశ్ మాత్రం తిట్టాల్సినవన్నీ తిట్టేశాడు. తిట్టి, మోకాలికి రాసుకునే నూనె తెచ్చిచ్చాడు.

9 ఆగస్టు

మాట లేదు.

4 సెప్టెంబర్

డాక్టరు వచ్చి కోర్టులో చెప్పాడు. మధుబాబు ఇంటికొచ్చి నాకు మళ్లీ చెప్పాడు. బస్సు గుద్దిన రోజే ఆ ఎముకకి రక్తం తీసుకెళ్లే నాళాలు తెగిపోయాయట. ఆపరేషన్ నోట్‌లో ఎముక ఎలా ఉందో డాక్టరు ఆరోజే తన చేత్తో రాశాడట. పెద్దావిడ కోర్టులో చెప్పినదీ, నేను రాసినదీ ఒక్కటే, ఆవిడ నా కాగితం చూసి ఉండదు కదా అన్నాడట.

"మరి ఆ పదకొండు అడుగులు?" అన్నాను.

"అవి చంపాయని చెప్పలేను, చంపలేదనీ చెప్పలేను అన్నాడు పెద్దమ్మగారూ. ఆ సంగతి ఎవరూ చెప్పలేరట."

"ల్యాబ్ కూడానా?"

"ల్యాబ్ కూడా చెప్పలేదట."

"మీరు అన్నీ చెబుతుందన్నారు గదా బాబూ."

"నేనా? ఎప్పుడు?" అన్నాడు. ఆయనకి గుర్తు లేదు.

11 నవంబర్

తీర్పు వచ్చింది. ఎముక చావుకి బస్సే కారణమని రాశారట. ఆపరేషన్, పోయిన వ్యాపారం, ముందు ముందు కీలు మార్చడం, అన్నీ ఒప్పుకున్నారు. డాక్టరు మాట వినకుండా నడిపించినందుకు మాత్రం కొంత కోసేశారు. ఆ కోత నాది. మధుబాబు మిఠాయి తెచ్చాడు. ఉమామహేశ్ ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. బండికి కొత్త చక్రాలు, నిలబడి పని చేసుకోడానికి ఎత్తు బల్ల, కరెంటు రుబ్బురోలు, ఏవేవో చెబుతున్నాడు.

సుందరి మిఠాయి ఒకటి నా పళ్లెంలో పెట్టింది. మొహం చూడలేదు.

16 నవంబర్, ఆదివారం

పొద్దున్నే సుందరి గుమ్మంలో నిలబడింది. చేతిలో కర్ర.

"సీర మార్సుకో. లాంచీ ఎక్కుదాం."

నాలుగు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట. ఎందుకని అడిగే ధైర్యం లేదు. టోటో రిక్షా ఎక్కి రామకృష్ణపూర్ ఘాట్‌కి వెళ్లాం. ఎండ పల్చగా ఉంది. లాంచీలో కుర్చీలు పొట్టివని అది కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడింది. నేనూ పక్కన నిలబడ్డాను. దాని కాలు మీద నా కళ్లు, నీళ్ల మీద దాని కళ్లు.

"ఎక్కడ?"

నీళ్లకి గుర్తులేముంటాయి? ఆ రోజు పొగ కూడా. చెయ్యి చాపి చూపించాను. "ఇక్కడే అనుకుంటానే."

"అనుకుంతావా? నా ఎముకని ఎక్కడ పడీసినావో నీకే తెల్దా?"

"పడేయలేదే. కలిపాను."

కర్రని కమ్మీకి ఆనించింది. తర్వాత నెమ్మదిగా అంది. "నా కాలు మీద మొక్కీముందు నన్నడగాల అత్తా. నీ కాలు మీద మొక్కుకుంటే అయిపోను."

"నా కాలు అమ్మవారికేం పనికొస్తుందే."

"నానడిగినానా పనికొస్తాదా రాదా అని?"

ఇంజను చప్పుడు. నీళ్ల మీద ఎవరివో పూలు, అరటిదొప్ప తేలుతూ పోయాయి.

అప్పుడు అడిగింది. గొంతు సన్నగా అయిపోయింది, చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పటి గొంతు. "మా అయ్యని కలిపినప్పుడు బామ్మడు పేరడిగినాడు, గోత్రం అడిగినాడు. పేరు సెప్పకపోతే ఎవులికీ సెందదన్నాడు. నువ్వెవులి పేరు సెప్పినావు? నా పేరు సెప్పీసినావేటి?"

ఇన్ని నెలలూ దీనికి నిద్ర పట్టనిది అందుకా! కోపమనుకున్నాను. భయపడింది. బతికుండగానే తన పేరు గంగలో పోయిందని భయపడింది.

"నీ పేరెలా చెప్తానే? బతికున్నదానివి. నోరు రాలేదు."

"మరెవులిది?"

"పేరు లేకుండా వదలకూడదంటారు గదా. నా పేరే చెప్పాను. తవిటమ్మ అన్నాను. మన గోత్రం చెప్పాను."

సుందరి నా వైపు తిరిగింది. కోర్టు తర్వాత అది నా మొహం చూడటం ఇదే మొదటిసారి. చూస్తూ చూస్తూ ఉంది, ముందు పెదవి కదిలింది, తర్వాత భుజాలు. కమ్మీ మీద తల పెట్టి నవ్వింది. ఏడుస్తోందేమో అనుకుని వీపు నిమరబోయాను. నవ్వే.

"అయితే నువ్వు సచ్చిపోయి పది నెల్లయిపోనాదన్నమాట," అంది కళ్లు తుడుచుకుంటూ. "గంగలో కూడా కలిసిపోనావు. ఇంకేటికే అత్తా నీకు బయం?"

లాంచీ జెట్టీకి తగిలి ఊగింది. జనం తోసుకుంటున్నారు. దిగే పలక తడిగా ఉంది, నాచు కూడా ఉన్నట్టుంది. అది కర్ర ముందుకి చాపి అడుగు వేయబోతోంది. చూసుకుని దిగవే, చూసుకుని, అని అరిచాను. లాంచీలో అందరూ తిరిగి నన్నే చూశారు.